పాటను దించడం

“సేమ్ టు సేమ్ దించిండు!”

పోయిన సెప్టెంబర్ ఆఖర్లో ఆదిలాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఈ మాట పదిసార్లన్నా అని ఉంటాడు. బాలు వర్ధంతికి ఊళ్ళో కొందరు అభిమానులు చందాలేసుకుని పెట్టించిన ఆర్కెస్ట్రా అది. 2020 సెప్టెంబర్ 25న బాలు పోయినప్పటినుంచి ఇలాంటి రాత్రులు తెలుగునాట ఊరూరా జరుగుతున్నాయి. బయట వాన. లోపల మూడొందల కుర్చీలు, వెనక నిలబడ్డ పిల్లలు, స్టేజి మీద బాలు నవ్వుతున్న పెద్ద ఫ్లెక్సీ.

‘దించడం’ చిత్రమైన మాట. పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి దించితే తప్పు. ఇంకొకరి కథ దించితే దొంగతనం. పాట దించితే మాత్రం మెచ్చుకోలు. ఒకే పని ఒకచోట తిట్టు, ఇంకొకచోట పొగడ్త ఎందుకయింది? ఆ రాత్రి నాలుగు గంటలపాటు పాటలు వింటూ నేను ఆలోచించింది దీని గురించే. సాహిత్య పత్రికలో ఆర్కెస్ట్రా గురించి విమర్శ ఏమిటి అని కొందరికి అనిపించవచ్చు. నాటకానికి సమీక్ష రాస్తాం, కచేరీకి రాస్తాం, సినిమాకి సరేసరి. మన ఊళ్ళలో ఎక్కువమంది ఎదురుగా కూర్చుని విన్న సంగీతం మాత్రం గణపతి మండపాల దగ్గర, పెళ్ళి రిసెప్షన్లలో, కాలేజీ డేల్లో వాయించిన ఈ ఆర్కెస్ట్రాలదే. దాని మీద ఒక్క పేజీ కూడా ఎవరూ రాయలేదంటే, అది రాయాల్సినంత గొప్పది కాదని ముందే తేల్చేసుకున్నామన్నమాట. నాకలా తేల్చడం ఇష్టం లేదు.

జట్టులో తొమ్మిదిమంది. డ్రమ్స్, రిథమ్ ప్యాడ్, తబలా, బేస్ గిటార్, లీడ్ గిటార్, రెండు కీబోర్డులు, ఒక గాయకుడు, ఒక గాయని. డ్రమ్మర్‌ది గోదావరిఖని, బేస్ గిటార్ అతనిది మంచిర్యాల, కీబోర్డులు కరీంనగర్ నుంచి వచ్చాయి. బొగ్గుగనుల ఊళ్ళలో ఒకప్పుడు ఆర్కెస్ట్రాలకి మంచి గిరాకీ ఉండేది. ఇప్పుడు ఆదిలాబాద్‌లో ఒక రాత్రి పాట కావాలంటే మూడు జిల్లాల మనుషుల్ని పోగేయాలి. పాటల్లో సగం పైగా ఇళయరాజావి. మిగతావి చక్రవర్తి, రాజ్-కోటి, మధ్యలో చీటీల మీద వచ్చిన హిందీ ఫర్మాయిషులు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర కదా, ఆదిలాబాద్‌లో ఏ ఆర్కెస్ట్రా కూడా ఒక్క తెలుగుతో రాత్రి గడపలేదు. యాంకర్ ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తాడు, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

నేను వెళ్ళింది బాలు కోసం కాదు, డ్రమ్స్, బేస్, ఎలక్ట్రిక్ గిటార్ కోసం. అరవైల చివర్లో అమెరికాలో, ఇంగ్లండులో జాజ్-రాక్ అనే సంగీతం పుట్టింది. మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’ 1970లో వచ్చింది. అందులో గిటార్ వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ ఆ తర్వాత మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టాడు, ఆ తర్వాత మన వాద్యకారులతో శక్తి పెట్టాడు. ఆ శక్తే తొంభైల చివర ‘రిమెంబర్ శక్తి’గా మళ్ళీ మొదలైనప్పుడు పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అందులో చేరాడు. రాక్ వాళ్ళ కరెంటు వాద్యాలు, గట్టి దరువు తీసుకుని, వాటి మీద జాజ్ వాళ్ళ కష్టమైన స్వరమేళనాలు, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే స్వేచ్ఛ పెట్టడమే జాజ్-రాక్ అని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఆ రికార్డులు మనలో ఎక్కువమంది వినలేదు. అందులోని దినుసులు మాత్రం విన్నాం, సినిమా పాటల ఇంటర్‌లూడ్లలో. బొంబాయి స్టూడియోల్లోకి జాజ్‌ను గోవా వాద్యకారులు ఎప్పుడో తీసుకొచ్చారు. ఆర్.డి. బర్మన్ దానికి డ్రమ్స్, బేస్ గిటార్ బలం కలిపాడు. ఇళయరాజా మద్రాసులో ఆ దరువు మీద పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు అల్లికను, పల్లె బాణీని కలిపి పరిచాడు. అలా ఆ సంగీతం ఏ పేరూ లేకుండా ‘గీతాంజలి’ క్యాసెట్‌లో మా ఇంటికొచ్చింది.

ఆ క్యాసెట్‌లోని పాటలు అప్పటికి ఏ స్టేజీ మీదా పుట్టినవి కావు. స్టూడియోలో పుట్టాయి. ఒక కాల్‌షీట్‌లో నలభై యాభైమంది వాద్యకారులు వచ్చి, రాసిచ్చిన నొటేషన్ చూసి వాయించి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు ఇంకో పాట. చాలామంది నిన్న వాయించిన పాటను జన్మలో మళ్ళీ వాయించి ఉండరు. ఇళయరాజా భారీ కచేరీలు మనకు అలవాటైంది ఇటీవలే. ఎనభైల్లో ఆయన రోజులు రికార్డింగ్ థియేటర్లోనే గడిచాయి.

అమెరికాలో దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. స్టీలీ డ్యాన్ అనే జాజ్-రాక్ జట్టు 1974లో కచేరీలు మానేసి స్టూడియోలో కూర్చుంది. 1977లో వచ్చిన వాళ్ళ ‘ఏజా’ ఆల్బమ్‌కి నలభైమంది దాకా వాద్యకారులు పనిచేశారు. అందులో ‘పెగ్’ పాటలోని ఒక్క గిటార్ సోలో కోసం ఒకరి తర్వాత ఒకరిని పిలిచి, వద్దనుకుని, చివరికి జే గ్రేడన్ వాయించింది ఉంచారు. టైటిల్ పాటలో శాక్సొఫోన్ వేన్ షార్టర్‌ది, డ్రమ్స్ స్టీవ్ గాడ్‌వి. వాళ్ళు మళ్ళీ టూర్‌కి వెళ్ళింది 1993లో. పంతొమ్మిదేళ్ళు! ఈ పాటలు కళ్ళ ముందు వినాలనుకున్నవాళ్ళకి ఆ మధ్యకాలంలో దిక్కు ఎవరంటే, రికార్డు విని విని నేర్చుకుని వాయించినవాళ్ళు. ఇప్పటికీ అక్కడ అలాంటి ట్రిబ్యూట్ బ్యాండ్లు హాళ్ళు నింపుతున్నాయి. వాళ్ళని ‘కాపీగాళ్ళు’ అని వెక్కిరించేవాళ్ళూ ఉన్నారు.

గోదావరిఖని డ్రమ్మర్ చేస్తున్న పనీ అదే. స్టూడియోలో ఒక్కసారి వాయించి వదిలేసిన పాటను ఇతను చేతుల్లోకి తెచ్చుకున్నాడు. స్టేజి మీద ఆ పాట ఇన్నేళ్ళు బతికిందంటే ఇలాంటివాళ్ళ వల్లే.

దించడమంటే మరి ఎంత? ఏది దించాలి? ఆ రాత్రి మూడు పాటలు నాకు మూడు జవాబులిచ్చాయి.

మొదటిది ‘అభిలాష’ (1983)లో బాలు ‘యురేకా’ అంటూ అరిచే పాట. గాయకుడు అరుపు అరవగానే హాలంతా ఈలలు. అతని అనుకరణ బాగుంది. బాలు నవ్వు, మాట చివర ఊపిరి వదలడం, అన్నీ ఉన్నాయి. నాకు మాత్రం బేస్ గిటార్ అతని మీంచి చూపు మరలలేదు. ఇళయరాజా బేస్ పాట వెనకాల నడిచే నౌకరు కాదు. గొంతు ఒక దారిలో పోతుంటే అది ఇంకో దారిలో పోతూ, రెండూ కలిసే చోట కలుస్తుంది. క్యాసెట్లో, చిన్న స్పీకర్లో మనం దాన్ని సగమే విన్నాం. హాల్లో, నా ఎదురుగా, నాలుగు తీగల మీద ఒక మనిషి వేళ్ళు పరిగెడుతుంటే, ముప్ఫై ఏళ్ళుగా తెలుసనుకున్న పాటలో ఇంకో పాట ఉందని తెలిసింది. అతను సొంతంగా ఏమీ కలపలేదు. ఉన్నది ఉన్నట్టు వాయించాడు. ఆ వాయింపే నాకు ఆ పాట మీద వచ్చిన అత్యుత్తమ విమర్శలా తోచింది. వ్యాసాలు చెప్పలేనిది, ఇదిగో ఇక్కడ ఇలా కట్టాడు అని విప్పి చూపించింది.

రెండోది ‘గీతాంజలి’ (1989)లో బాలు, జానకి పాడిన, గుండె చప్పుడు వినిపించే పాట. ఆ చప్పుడు రికార్డులో ఎంత మెత్తగా ఉంటుందో తెలుసు కదా. రిథమ్ ప్యాడ్‌లో దానికి దగ్గరి శబ్దం ఒకటి దొరుకుతుంది, నొక్కితే వస్తుంది. ఈ డ్రమ్మర్ అలా చేయలేదు. పాటకు ముందు లేచి, మెడలో తువ్వాలు తీసి మడిచి, కిక్ డ్రమ్ లోపల చర్మానికి ఆనించి పెట్టాడు. తర్వాత కాలితో, వత్తిడి తెలిసీ తెలియనట్టు కొట్టాడు. అంత పెద్ద హాల్లో మాటలు ఆగిపోయాయి. పాట అయ్యాక టీ దగ్గర అడిగాను.

“ప్యాడ్ల ఉన్నది కదన్నా ఆ సౌండ్?”

“ఉన్నది సార్. కని గది ఎప్పుడు నొక్కినా ఒక్కతీర్గనే వస్తది. గుండె గట్ల కొట్టుకోదు కదా.”

ఇంతకు మించిన సూక్ష్మ పరిశీలన నేను పుస్తకాల్లో ఎక్కువ చదవలేదు.

ఈ పాటలోనే జట్టు ఓడిపోయింది కూడా. వయొలిన్ల గుంపు వాయించాల్సిన చోట కీబోర్డు స్ట్రింగ్స్ వచ్చాయి. ఇళయరాజా వయొలిన్లు ఒకే పాట పాడవు. పైవాళ్ళు ఒకటి, మధ్యవాళ్ళు ఒకటి, కింద చెల్లో ఇంకొకటి. ఒక చేత్తో అన్నీ కలిపి నొక్కేస్తే వంట బాగానే ఉంటుంది గానీ ఏ కూరో తెలియదు. రెండు కీబోర్డులున్నాయి, నాలుగు చేతులున్నాయి, భాగాలు పంచుకుని ఉంటే చాలావరకు వచ్చేది. రెండో కీబోర్డు అతను ఆ సమయానికి తర్వాతి పాటకు టోన్ వెతుకుతున్నాడు. డబ్బు లేకపోవడాన్ని అర్థం చేసుకుంటాను. ఇది శ్రద్ధ లేకపోవడం.

మూడోది అనుకోకుండా జరిగింది. ‘ఆరాధన’ (1969)లో కిశోర్ కుమార్ పాడిన వానరాత్రి పాట కావాలని చీటీ వచ్చింది. ఆ పాటకు ప్రాణం శాక్సొఫోన్. రికార్డులో అది మనోహారీ సింగ్‌ది. జట్టులో శాక్స్ లేదు. గాయకుడు మైకులో ఎవరినో పిలిచాడు. ప్రేక్షకుల్లోంచి ఒకాయన లేచొచ్చాడు, పెళ్ళి బ్యాండు మేళంలో వాయించే మనిషి. ఇత్తడి మెరుపు పోయిన శాక్స్ ఆయన సంచిలోనే ఉంది. మొదటి ఇంటర్‌లూడ్ అచ్చం రికార్డులో ఉన్నట్టే వాయించాడు. రెండోది కూడా. పాట అయిపోవాల్సిన చోట ఆయన ఆగలేదు. అదే పదబంధాన్ని ఇంకో మెట్టు మీద ఎత్తుకున్నాడు, సాగదీశాడు, ఒకచోట బరాతులో వాయించే దరువుకు దగ్గరగా తీసుకెళ్ళి తిరిగి పాటలోకి తెచ్చాడు. కీబోర్డులు ఆగిపోయాయి. డ్రమ్మర్ నవ్వుతూ వెంట నడిచాడు, బేస్ అతను రెండు ఆవర్తాల తర్వాత దారి దొరికించుకున్నాడు. రెండు నిమిషాలుంటుందేమో. ఆ రాత్రి మొత్తంలో నిజంగా జాజ్ అనదగ్గవి ఆ రెండు నిమిషాలే.

పక్క పెద్దమనిషి మొహం చిట్లించాడు. “రికార్డుల గిది లేదు.”

ఆయన మాట కొట్టిపారేసేది కాదు. ట్రిబ్యూట్ అని పిలిచి రికార్డులో లేనిది వాయిస్తే మోసమేగా అన్నది ఆయన వాదన. రికార్డు ఎలా తయారైందో చూస్తే ఆ వాదన కొన్నిచోట్లే నిలుస్తుంది. మనోహారీ సింగ్ కలకత్తా హోటళ్ళలో జాజ్ వాయించి, యాభైల చివర బొంబాయి చేరినవాడు. బర్మన్ల దగ్గర వాద్యకారులు పాటలోకి తమ ఆలోచన కూడా తెచ్చేవాళ్ళు. అలా పుట్టిన పాటకు విధేయంగా ఉండటమంటే వాద్యకారుడికి కొంత చోటు విడిచిపెట్టడం. ఇళయరాజా పద్ధతి వేరు. ప్రతి వాద్యానికీ ప్రతి స్వరం కాగితం మీద ఉంటుంది. కచేరీలో ఎవరైనా తప్పితే పాట ఆపించి మళ్ళీ మొదలుపెట్టించిన మనిషి ఆయన. ఆయన పాటలో సొంత తానాలు దూరిస్తే గోడ కట్టిన మేస్త్రీ లెక్క తెలియక ఇటుక పీకినట్టు. అక్కడ చుక్క చుక్కా దించడమే విధేయత.

అందుకే ‘సేమ్ టు సేమ్’ అన్నది అన్ని పాటలకూ ఒకే కొలత కాకూడదంటాను. పాట ఎలా పుట్టిందో తెలుసుకుని అలా దించాలి. రాసి కట్టినదాన్ని రాసినట్టు, వాయిస్తూ కట్టినదాన్ని వాయించేవాడికి చోటిచ్చి. ఆ రాత్రి జట్టు మొదటి పని చాలావరకు చేసింది, రెండోది ఒక బ్యాండు మేళం మనిషి దయవల్ల రెండు నిమిషాలు జరిగింది.

ఇదే జిల్లాలో ‘రికార్డుల లేదు’ అనే మాటకు అర్థమే లేని సంగీతం ఒకటుంది. గోండుల కథలను తరతరాలుగా పాడేది ప్రధానులు. కిక్రి మీద కమాను లాగుతూ వాళ్ళు చెప్పే దేవతల కథ, వంశాల కథ ఎప్పుడూ ఒకటే, చెప్పడం ఎప్పుడూ ఒకటి కాదు. వినేవాళ్ళకి కథ తెలుసు, తప్పితే పట్టుకుంటారు. సాగదీస్తే మాత్రం ఎవరూ మొహం చిట్లించరు. మనకు గ్రామఫోన్, క్యాసెట్ వచ్చాక పాటకు ఒక్క రూపమే అసలైనదనే నమ్మకం కుదిరిపోయింది. ఆ నమ్మకం వల్ల బేస్ గిటార్ అతనిలాంటి నిష్ఠ గల వినికిడి పుట్టింది, నిజమే. దాంతోపాటే శాక్స్ మనిషి మీద అనుమానమూ పుట్టింది. రెండూ మన ఊళ్ళోనే ఉన్నాయి కాబట్టి రెంటినీ వినే చెవి మనకు ఉండాలని నాకు ఆశ.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను.

పదిన్నర దాటాక లీడ్ గిటార్ అతను, ఒక కీబోర్డు అతను బస్సుకని వెళ్ళిపోయారు. అక్కడినుంచి ట్రాకులు మొదలయ్యాయి. ల్యాప్‌టాప్‌లో కరోకే పెట్టి మీద గాయకుడు పాడతాడు. డ్రమ్మర్ కాసేపు ట్రాకుతో పాటు కొట్టాడు, తర్వాత కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. శబ్దం ముందుకంటే శుభ్రంగా ఉంది. కీబోర్డులో లేని వయొలిన్లు ట్రాకులో కొంత ఉన్నాయి కూడా. పక్క పెద్దమనిషి ఇంకా సంతోషించాడు. “ఇప్పుడు చూడు, సేమ్ టు సేమ్!”

నాకు ఆ సగం రాత్రి ట్రిబ్యూట్ అనిపించలేదు. తొమ్మిదిమందికి బదులు ఇద్దరితో పని అయిపోతుంది కాబట్టి నిర్వాహకులకు అది చవక. తప్పు పట్టలేను, చందాలు ఎంతొచ్చాయో వాళ్ళకే తెలుసు. కానీ ట్రాకు మీద పాడినప్పుడు దించుతున్నది గొంతు ఒక్కటే. పాటలో గొంతు ఒక భాగం. బేస్ శశిధరన్‌ది, డ్రమ్స్ పురుషోత్తమన్‌వి, గిటార్ సదానందంది, కీబోర్డు విజి మాన్యుయేల్‌ది. ఇళయరాజా పాటల్లో దశాబ్దాలపాటు వినిపించిన ఈ చేతుల పేర్లు మన క్యాసెట్ అట్టల మీద ఎక్కడ చూశాం? కరోకే ట్రాకు వాళ్ళను రెండోసారి చెరిపేస్తుంది. మొదటిసారి పేరు పోయింది, ఇప్పుడు పనే పోయింది.

2017లో అమెరికా కచేరీల మధ్యలో ఉన్న బాలుకు, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా నుంచి లీగల్ నోటీసు వెళ్ళింది. పాట ఎవరిది అని ఊరంతా కొట్టుకున్నాం. కట్టినవాడిదా, పాడినవాడిదా, డబ్బు పెట్టిన నిర్మాతదా, రాసిన వేటూరిదా? తర్వాత వాళ్ళిద్దరూ కలిసిపోయి ఒకే స్టేజీ మీద పాడారు. ఆ గొడవలో వాయించినవాడిదా అని అడిగినవాళ్ళు నాకు కనబడలేదు. కాపీరైట్ చట్టం కూడా పెళ్ళి వేడుకల్లో పాట వాయించుకోవడానికి మినహాయింపు ఇచ్చింది. చట్టం కాస్త దయ చూపిన ఆ చోటునే ఇప్పుడు డీజే బండి ఆక్రమించుకుంది.

ఇళయరాజా అన్న పావలర్ వరదరాజన్‌తో ఊరూరా తిరిగి కచేరీలు చేసిన కుర్రవాడే తర్వాత ఇళయరాజా అయ్యాడు. ఊళ్ళలో చేతులు ఆగిపోతే ఆ దారి మూసుకుపోతుంది. ఆదిలాబాద్‌లో ఇవాళ ఒక పిల్ల బేస్ గిటార్ నేర్చుకోవాలనుకుంటే, ఎవరైనా వాయిస్తుండగా ఒకసారి ఎదురుగా చూడాలి. ఫోన్లో చూడొచ్చు, కాదనను. నేను ఫోన్లో వందసార్లు విన్న పాటలో బేస్ నాకు ఆ హాల్లో వినబడిందని మాత్రం మర్చిపోలేను.

పన్నెండు దాటాక అయిపోయింది. యాంకర్ ఫ్లెక్సీ కొట్టించినవాళ్ళకీ, హాలు ఇచ్చినవాళ్ళకీ, వచ్చిన పెద్దలకీ పేరు పేరునా థాంక్స్ చెప్పాడు. గాయకుడికి, గాయనికి శాలువాలు కప్పారు. వాయించినవాళ్ళను “మా ఆర్కెస్ట్రా టీమ్” అన్నాడు. నేను స్టేజి పక్కకు వెళ్ళి, వాళ్ళ పేర్లు కూడా చెప్పమని అడిగాను. “అయిపోయింది సార్, మైక్ బంద్ చేసిన్రు” అన్నాడు, మర్యాదగానే.

వచ్చే సెప్టెంబర్‌లో మళ్ళీ పెడతారట. నిర్వాహకులకు నా విన్నపాలు మూడు. పాటలు నలభై కాకుండా ఇరవై పెట్టండి, అన్నీ మనుషులే వాయించనివ్వండి. ఆ శాక్స్ మనిషిని చీటీ వచ్చినప్పుడు పిలవడం కాకుండా ముందే జట్టులో చేర్చుకోండి. ఫ్లెక్సీ మీద బాలు బొమ్మ కింద ఇంతమంది ఫొటోలకు చోటుంది కదా, వాయించేవాళ్ళ పేర్లకు ఒక్క వరుస ఇవ్వండి. మీకు తెలియకపోతే డ్రమ్మర్‌ని అడగండి, అందరి పేర్లూ చెబుతాడు. నేను వెళ్ళేసరికి అతను కిక్ డ్రమ్‌లోంచి తువ్వాలు తీసి, దులిపి, మెడలో వేసుకుంటున్నాడు.